ఊసరవెల్లికి పెట్టిన మాట

నేను ఇంతవరకు ఏదీ రాయలేదు. ఐదో తరగతి దాకా చదివినాను, అంతే. సంతకం తప్ప నా చేతిరాత ఎవురూ చూసింది లేదు. తప్పులుంటే సర్దుకొని చదవండి.

నా పని పొద్దున ఐదున్నరకి మొదలవుతాది. మైపాడు దారిలో ముత్యాలయ్య అన్న చూసుకునే రొయ్యల గుంటలు నాలుగున్నాయి. మేత చల్లినాక రెండు గంటలాగి చెక్ ట్రేలు పైకి లాగి చూడడం నా వంతు. చెక్ ట్రే అంటే వల బిగించిన పళ్ళెం. దాంట్లో గుప్పెడు మేత పెట్టి నీళ్ళ అడుక్కి దించుతాము. పైకి లాగినప్పుడు మేత మిగిలుంటే రొయ్యకి బాగలేదని గుర్తు. అప్పుడు మేత తగ్గించాలి. ట్రే ఖాళీ అయితే నేను బొటనవేలు పైకెత్తుతాను, సగం మిగిలితే అరచెయ్యి అడ్డంగా పెడతాను, మొత్తం మిగిలితే వేలు కిందికి. గట్టు మీద నుంచి ముత్యాలయ్య అన్న చూసి తలూపుతాడు.

నోటితో ఎందుకు చెప్పనంటే, నేను మాట్లాడితే పురుగులొస్తాయి. చిన్నప్పటినుంచీ అంతే. "ఊ" అంటే దోమ. "అన్నం తిన్నాను" అంటే ఈగ. పెద్ద మాటైతే మిడత. కోపంలో అంటే కందిరీగ. పెదాల మీదికొచ్చి, రెక్కలు తడార్చుకొని, ఎగిరిపోతాయి. మా ఊళ్ళో ఎవురికీ ఇది వింత కాదు. మా వీధిలోనే ఒకాయనకి ఆరు వేళ్ళు, ఒకామెకి మెల్లకన్ను, నాకిది. బళ్ళో అయ్యవారు హాజరు పిలిచేటప్పుడు నన్ను చెయ్యెత్తమనేవాడు. చర్చిలో అందరూ పాడుతుంటే నేను పుస్తకం తెరిచి నోరు మూసుకుంటాను, ట్యూబులైటు కింద కూర్చున్నోళ్ళకి ఇబ్బంది లేకుండా. ఎవురూ నన్ను పల్లెత్తు మాటనలేదు. ఎవురి కూరలోనన్నా పడితే ఏం బాగుంటాదని నేనే మాటలు తగ్గించుకుంటా వచ్చినాను. అమ్మ పోయినాక ఇంట్లో నేనొక్కదాన్నే కాబట్టి, రోజుకి నాలుగు మాటలు కూడా ఖర్చు కాని రోజులొచ్చినాయి.

అమ్మ సంగతి ఇక్కడే చెప్పాలి. నా చెల్లెలు క్యాథరిన్ గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో పనిచేసే అబ్బాయిని ఇష్టపడి చేసుకుంది. అమ్మ దాన్ని గడప తొక్కొద్దనింది. అది ఐదేళ్ళు తొక్కలేదు. అమ్మ పోయే ముందురోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకొని, చిన్నదానికి చెప్పమని ఒక మాట చెప్పింది. సమాధుల తోటలో మట్టి పోసినాక క్యాథరిన్ నా దగ్గరికొచ్చి, "అమ్మ నన్నేమన్నా అడిగిందా అక్కా?" అనింది. చుట్టూ నూరుమంది ఉండారు. ఆ మాట బయటికొస్తే ఎంత పురుగొస్తాదో, ఎవురి మీద వాలతాదో అని నేను నోరు తెరవలేదు. అది కాసేపు నా మొహం చూసింది. తర్వాత సరేనన్నట్టు తలూపి, బస్సెక్కి పోయింది.

పదకొండేళ్ళయింది. ఫోనులో చెబుదామంటే, బొక్కల్లో పురుగులు దూరి ఇప్పటికే రెండు ఫోన్లు పాడైనాయి. ఇంకొకరి చేత చెప్పించే మాట కాదది. నా గొంతులోనే ఉండిపోయింది.

పోయిన నవంబరులో తుఫాను దాటిన నాలుగో రోజు, గుంట మీద కొంగలు దిగకుండా కట్టిన వలలో ఒక ఊసరవెల్లి చిక్కుకొని కనిపించింది. ఎన్ని రోజులుగా వేలాడతా ఉందో. కత్తెరతో పోగులు ఒక్కొక్కటే కత్తిరించి విడిపించినాను.

"పారెయ్ అమ్మే దాన్ని. చూస్తేనే మంచిది కాదంటారు," అన్నాడు ముత్యాలయ్య అన్న, నాలుగడుగుల దూరంలో నిలబడి.

నేను పారెయ్యలేదు. ఒళ్ళంతా బూడిద రంగు. కళ్ళు లోపలికి పోయినాయి. పక్కటెముకలు తోలు మీదికి తేలినాయి. నా వేలికి తోక చుట్టబోయి, ఆ బలం కూడా లేక వదిలేసింది. రొయ్యలు తూచే కాటాలో పెట్టినాను. ముప్పై ఒక్క గ్రాము.

అన్న వంగి చూసినాడు. "జానెడు పొడుగుంది, పెద్ద రొయ్య ఒక్కటి తూగినంత కూడా తూగలేదే," అన్నాడు. ఆ తర్వాత పారెయ్యమనలేదు.

ఇంట్లో బకెట్టు నిండా ఇసక పోసి జామకొమ్మ గుచ్చినాను. చుట్టూ పాత దోమతెర కట్టినాను. గిన్నెలో నీళ్ళు పెట్టినాను, మూతలో రొయ్య తునకలు పెట్టినాను. రెండు గంటలకొకసారి పోయి చూసినాను. ముట్టలేదు. మిగిలింది కదా అని తగ్గించినాను. మర్నాడూ ముట్టలేదు, ఇంకా తగ్గించినాను. రొయ్యల దగ్గర నేర్చుకున్న బుద్ధి అది. మూడో రోజుకి మూతలో ఒక్క తునకే ఉంది, కాటాలో ఇరవై ఎనిమిది గ్రాములే ఉంది.

పక్కింటి రెబెక్కమ్మక్క వచ్చి నడుం మీద చేతులు పెట్టుకొని చూసింది. "ఏమ్మే కరుణా, మనుషులతో పలకవు, దీన్ని మాత్రం చుట్టంలాగా తెచ్చి పెట్టుకున్నావా?" అనింది. అంటానే ఫోను తీసి, నెల్లూరులో పశువుల డాక్టరు దగ్గర పనిచేసే తన తమ్ముడి కూతురు వినీలకి కలిపింది.

"ఎవురికి బాగలేదత్తా? కుక్కకా?"

"కాదే, ఊసరవెల్లికి."

"మీ ఇంట్లో ఊసరవెల్లెందుకుంది?"

"మా ఇంట్లో కాదు తల్లీ, పక్కింట్లో. నాకు నిద్ర పడితే కదా."

వినీల నవ్వి, ఒక్కొక్కటే చెప్పింది. అది గిన్నెలో నీళ్ళు తాగదు, ఆకుల మీద చుక్కలు చిలకరిస్తే నాకుతాది. ముందు నీళ్ళు, ఆ తర్వాతే తిండి. చలికి అరగదు కాబట్టి వెచ్చగా ఉంచాలి. ఊరికే చేతిలోకి తీసుకోవద్దు, నోరు బలవంతంగా తెరవొద్దు. చచ్చినది పెడితే దానికి తిండని తెలియదు, కదిలేదే కావాలి. "మిడతలు పట్టి వదలమను అత్తా. పగటిపూట కూడా కళ్ళు మూసుకుంటా ఉందంటే మాత్రం ఇంక ఎక్కువ టైము లేదని చెప్పు."

రెబెక్కమ్మక్క ఫోను పెట్టేసి వాకిట్లోకి చూసింది. బయట ముసురు. ఉప్పునేల మీద మోకాలి లోతు నీళ్ళు. "మిడతలంట. ఈ వానలో మిడతలు యాడ తెచ్చేది?" అని నా మొహం చూసింది. నేను ఆమె మొహం చూసినాను.

"పొయ్యి మీద పాలు పెట్టొచ్చినాను," అని లేచి, పోతా పోతా తలుపు దగ్గరికేసి పోయింది.

పాత గుండ్రటి బల్బు కొమ్మకి జానెడు దూరంలో కట్టినాను. ఆకుల మీద వేళ్ళతో నీళ్ళు చిలకరించినాను. చాలాసేపటికి ఒక చుక్క నాకింది. ఆ సాయంత్రమంతా చుక్కలే. మర్నాడు మధ్యాహ్నం దోమతెర ఎత్తి ఎదురుగా పీట వేసుకొని కూర్చున్నాను.

ఏం మాట్లాడాలో తెలియలేదు. "వాన," అన్నాను. దోమొచ్చింది. "అన్నం మెత్తబడింది," అన్నాను. ఈగొచ్చింది. దాని ఒక కన్ను ఈగ వెంట కొంచెం తిరిగింది, ఇంకో కన్ను బల్బు వైపే ఉండిపోయింది. ఈగ కోసం నాలుక చాపే బలం కూడా దానికి లేదు. పన్ను నొప్పి గురించి చెప్పినాను. మూడో గుంటలో నీళ్ళు పచ్చబడడం గురించి చెప్పినాను. చీకటి పడేసరికి బల్బు చుట్టూ నల్లగా ముసిరినాయి, అన్నీ దోమలూ ఈగలే. నేను బతికిన బతుకులో మాటలన్నీ ఇంతేనా అనిపించింది. అది ఒక్కటీ తినలేదు.

ఆ మర్నాడు పగలు పదకొండప్పుడు అది కళ్ళు మూసుకుంది. నీళ్ళు చిలకరిస్తే తెరిచి, మళ్ళీ మూసుకుంది.

నా దగ్గర పెద్ద మాట ఒకటుంది. ఉన్నది అదొక్కటే. కానీ అది నాది కాదు, క్యాథరిన్‌ది. దీనికి పెట్టేస్తే దానికి ఇచ్చేందుకు నా దగ్గర ఏం మిగులుతాది? లేచి వంటింట్లోకి పోయినాను. మళ్ళీ వచ్చినాను. మళ్ళీ పోయినాను. మూడోసారి వచ్చినప్పుడు దాని ముందరి కాలు కొమ్మ మీద నుంచి జారి వేలాడతా ఉంది.

పీట మీద కూర్చొని, అమ్మ ఎట్టనిందో అట్టనే అన్నాను.

"చిన్నది వస్తాదిలే. దాని కంచం ఎవురికీ పెట్టొద్దు. తోమి పైన పెట్టు."

గొంతులో కాళ్ళు గీసుకున్నాయి. నోరు బార్లా తెరవాల్సొచ్చింది. వచ్చింది పచ్చ మిడత, నా వేలంత. తడి రెక్కలతో కొమ్మ మీద కూర్చొని ఒక కాలు ఎత్తి దించింది.

ఊసరవెల్లి కళ్ళు తెరిచింది. ఒక కన్ను మిడత వైపు తిరిగింది. రెండో కన్ను పైకప్పు, కిటికీ, నేను, అన్నీ చూసుకుంటా మెల్లిగా వచ్చి మొదటి కన్ను పక్కన ఆగింది. రెండు కళ్ళూ ఒక్కచోటే. నాలుక ఎప్పుడు పోయిందో, ఎప్పుడొచ్చిందో కనపడలేదు. నమిలే చప్పుడు మాత్రం వినపడింది, పచ్చి చిక్కుడుకాయ తుంచినట్టు. నమలతా నమలతా మెడ దగ్గర ఒక పచ్చమచ్చ లేచి భుజం దాకా పాకింది.

నేను ఏడ్చినాను. ఏడుపుకి పురుగులు రావు. అమ్మ ఆ రోజే పోయినట్టుంది.

ఆ తర్వాత అది ఈగలు కూడా తినింది. నేను రోజూ పీటేసుకొని, నాన్న పడవ గురించి, బడి గురించి, చెప్పడానికి ఎవురూ లేక మానుకున్నవన్నీ చెప్పినాను. గొంగళిపురుగులు, చిమ్మటలు, చిన్న మిడతలు వచ్చినాయి. ప్రతిదానికీ రెండు కళ్ళూ ఒక్కచోటికి తెచ్చుకొని చూసేది. నేను నోరు తెరిస్తే ఎదురుచూసే ప్రాణి నా జన్మలో అదొక్కటే. ముప్పై మూడు గ్రాములు, ముప్పై ఎనిమిది, నలభై నాలుగు. తోక నా వేలికి చుట్టుకుంటే విడిపించుకోవడం కష్టమయ్యేది.

ఎండ కాసిన మూడో రోజు వినీల వదిలెయ్యమనింది. గుంటలకి దూరంగా, వలలు లేని చోట, కంపచెట్ల దాకా తీసుకుపోయి కొమ్మ మీద పెట్టినాను. ముందుకో అడుగు, వెనక్కో ఊపు వేసుకుంటా ఆకుల్లోకి పోయింది. ఒళ్ళు తిప్పలేదు. ఒక కన్ను మాత్రం వెనక్కి తిరిగి కొంచెంసేపు నా మీద ఉంది. ఆ తర్వాత ఏది ఆకో, ఏది అదో తెలియలేదు.

ఇంటికొచ్చి పీట తీసి గోడకి ఆనించినాను. అమ్మ మాట ఇంకా నాలో ఉందో లేదో పలికి చూసుకోవడానికి భయమేసింది. చెల్లెలి సొత్తు తీసి నోరులేని జీవికి పెట్టినాను. పెట్టకపోతే అది చచ్చేది, నిజమే. కానీ పదకొండేళ్ళు క్యాథరిన్ కూడా ఆ మాట లేకుండానే ఉంది కదా అని అప్పుడు తోచింది. ఇన్నాళ్ళూ అది ఏం తిని బతికిందో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు.

మర్నాడు పొద్దున గుంటల దగ్గరికి పోయి, ముత్యాలయ్య అన్నకి "ఈరోజు రాను," అని నోటితోనే చెప్పినాను. ఈగొచ్చింది. ఆయన చేత్తో తోలుకొని, "పోయిరా అమ్మే," అన్నాడు. నెల్లూరులో బస్సు మారి, గూడూరులో దిగి, నలుగురిని అడిగి ఇల్లు పట్టుకున్నాను.

తలుపు తీసింది క్యాథరిన్. జుట్టు ముందర నెరిసింది. నన్ను చూసి, "ఏందక్కా? ఎవురన్నా పోయినారా?" అనింది.

తల అడ్డంగా ఊపినాను.

అది లోపలికి పోయింది. అన్నం గిన్నె మీద, పులుసు మీద, పాల మీద మూతలు పెట్టిన చప్పుడు వినపడింది. ఒక్కొక్కటే అన్నీ మూసి, చేతులు తుడుచుకుంటా వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"ఇప్పుడు చెప్పు."

చెప్పినాను. మిడత రాలేదు. బియ్యపు గింజంత తెల్లరెక్కల పురుగొకటి వచ్చి దాని చేతి గాజు మీద వాలింది. అది దాన్ని తోలలేదు. చెయ్యి కదపకుండా అట్టనే పట్టుకొని చాలాసేపు చూసింది.

"ఇంకేమనింది అక్కా?"

నేను గడప మీద కూర్చొని, మొదటినుంచీ చెప్పడం మొదలుపెట్టినాను.