దివిటీ పగడానికి ఎంత అల కావాలి

సంచి నేనే సర్దాను. మా ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్ళినా సంచి సర్దేది నేనే. బనియన్లు నాలుగు, తువ్వాళ్ళు రెండు, రబ్బరు చెప్పులు, పళ్ళసెట్టు డబ్బా, కీళ్ళకు రాసుకునే తైలం, ఫోను ఛార్జరు. తమ్ముడు టెక్ బూన్ మంచం అంచున కూర్చుని, ఒక్కొక్కటీ లోపలికి వెళ్ళడం చూస్తూ ఉన్నాడు.

"నాలుగు బనియన్లెందుకక్కా? గుండెలో కవాటం మార్పించుకోడానికి వెళ్తున్నాను. కాపురం పెట్టడానికి కాదు."

"ఎన్నాళ్ళుంచుకుంటారో."

"పది రోజులన్నారుగా."

"అంటారు."

నేను ఐదో బనియను కూడా పెట్టాను. అతను నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేసరికి హాల్లోంచి గరగర వినిపించింది. ఇద్దరం అటు తిరిగాం.

మా హాల్లో టీవీ ఉండాల్సిన చోట మూడడుగుల అద్దాల తొట్టి ఉంటుంది. రెండు వందల లీటర్ల ఉప్పునీళ్ళు, అడుగున పంచదారలాంటి సన్న ఇసుక, బండరాళ్ళు, వాటి మీద పగడాలు. ముప్పై నాలుగేళ్ళు సింగపూర్ రేవులో ఓడల్ని లాగే టగ్ బోటు ఇంజన్లతో బతికిన మనిషి, పని మానేశాక సముద్రాన్ని ఎనిమిదో అంతస్తుకి తెచ్చుకున్నాడు. తొట్టిలో నీళ్ళు కదలకపోతే పగడం బతకదు. దానికి తిండీ గాలీ కదిలే నీళ్ళే తెస్తాయి, దాని మీద పేరుకునే మురికినీ అవే తీసుకుపోతాయి. ఆ నీళ్ళు కదిపే పంపుకి తొమ్మిదేళ్ళు. వారం నుంచి గరగరమంటోంది.

"రేపోమాపో ఆగిపోతుంది. కొత్తది నువ్వే తేవాలి" అన్నాడు. కాగితం ముక్క మీద ఏదో రాసి ఫ్రిజ్ తలుపుకి అయస్కాంతంతో అంటించాడు. "అందులో రాసిందే తే. కొట్టువాడు మీటలున్నవీ ఫోనుతో తిప్పేవీ చూపిస్తాడు, వినకు. మీట ఉన్నది ఏదైనా ముందు మీటే పాడవుతుంది."

"నాకేం తెలుసు ఇవన్నీ?"

"తెలియకపోతే చదువుకో. నా బడి పుస్తకాలు నాకంటే ముందు చదివేసేదానివి కాదూ."

అది నిజం. నన్ను బడికి పంపలేదు. అతను అన్నం తింటున్నంతసేపూ అతని పుస్తకం నా ఒళ్ళో ఉండేది. చదవడం అలా వచ్చింది.

బయల్దేరే ముందు తొట్టి దగ్గర నిలబడ్డాడు. చెప్పులు వేసుకున్నాక కూడా కదల్లేదు. కుడిపక్క రాయి మీద దివిటీ పగడం ఉంది. రాతికాడల మీద పచ్చటి వేళ్ళ గుత్తులు, ఒక్కో వేలి కొసన పసుపు మొగ్గ. తొట్లు పెంచేవాళ్ళలో ఒక అలవాటుంది. పగడం పెరిగితే ఒక కాడ కోసి స్నేహితుడికి ఇస్తారు. తన తొట్టి చచ్చిపోయిన రోజున ఆ స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. ఇవ్వడమే దాచుకోవడం అంటారు. ఈ దివిటీ హమ్దాన్ ఇచ్చిన రెండు కాడల నుంచి పెరిగింది. హమ్దాన్ టగ్ బోటులో మావాడి జోడీ. సముద్రానికి అవతల బతామ్ దీవికి కాపురం మార్చాక అతని తొట్టి పోయింది. ఇంకెవరి దగ్గరా ముక్క లేదు. హాస్పిటల్ నుంచి రాగానే నాలుగు కాడలు కోసి ఇస్తానని తమ్ముడు మాటిచ్చాడు.

"దీన్ని చూడక్కా" అన్నాడు. "మిగతావి పోతే పోనీ."

ఆ మాట నాకు నచ్చలేదు. పోతే పోనీ అని ఇల్లు దాటే ముందు ఎవరూ అనకూడదు. లిఫ్టు తలుపు మూసుకున్నాక లోపలికి వచ్చి, ఇసుక మీద పాకే నత్తలకేసి చూస్తూ చాలాసేపు కూర్చున్నాను.

నాకు సంచులంటే భయం. నా ఎనిమిదో ఏట, మా చెల్లికి రెండు గౌన్లూ ఒక దువ్వెనా గుడ్డసంచిలో పెట్టమని అమ్మ చెబితే పెట్టాను. పిన్నిగారింట్లో నాలుగు రోజులుండి వస్తుందంది. పిన్ని ఎవరో నాకు తెలియదు. ఆడపిల్ల ఎక్కువైన ఇళ్ళల్లో అప్పట్లో అలా ఎవరికైనా ఇచ్చేసేవారు. గౌన్లు బాగా మడతపెట్టినందుకు అమ్మ ఆ రోజు నన్ను మెచ్చుకుంది.

మూడో రోజు పొద్దున పంపు ఆగిపోయింది. తొట్టి నిశ్శబ్దంగా ఉంది. దివిటీ వేళ్ళు కిందికి వాలి ఉన్నాయి. చేతికి అందిన ప్లాస్టిక్ మగ్గుతో నీళ్ళు ముంచి పోస్తూ ముంచి పోస్తూ అరగంట నిలబడ్డాను. భుజం పట్టేసింది. ఇక లాభం లేదని కాగితం ముక్క పర్సులో పెట్టుకుని బస్సెక్కాను.

పంపుల కొట్టు జైనల్‌ది. యాభై ఏళ్ళవాడు, ఉప్పునీళ్ళకి చేతులు పగిలిపోయి ఉంటాయి. కాగితం చదివి తల గోక్కున్నాడు.

"ఆంటీ, ఇది బూన్ సార్ రాసిందేనా?"

"ఆయనే."

"ఇది ఆరడుగుల తొట్టికి పెట్టే పంపు. గంటకి పదిహేను వేల లీటర్లు తోస్తుంది. మీ తొట్టి ఎంత, రెండొందలా? అంటే గంటకి డెబ్బై ఐదుసార్లు ఆ నీళ్ళన్నీ తిప్పుతుంది. చేపలకి కళ్ళు తిరుగుతాయి."

"తగ్గించుకోవచ్చుగా."

"దీనికి తగ్గించే మీట లేదు. ఆన్, ఆఫ్, అంతే." అతను చిన్న పెట్టెలు రెండు తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇవి తీసుకెళ్ళండి. ఒక్కోటి గంటకి మూడు వేల లీటర్లు. రెండూ కలిపి ముప్పై రెట్లు, మీ పగడాలకి చాలు. ఇటొకటి అటొకటి, ఎదురెదురు గోడలకి. ఒకటి పెరుగుతుంటే ఇంకోటి తగ్గుతుంది. అల వెళ్ళొస్తున్నట్టు ఉంటుంది. పెద్దదైతే గొట్టంలోంచి కొట్టినట్టు ఒకే చోట కొడుతుంది."

"ఎక్కువుంటే మంచిదేగా? తక్కువై చచ్చిపోతే?"

"ఆంటీ, మీకు ఎండలో ఫ్యాను కావాలి. తుఫాను కాదు."

అతను చెప్పింది నాకు అర్థమైంది. పెట్టెల మీద ఉన్నది కూడా అద్దాలు పెట్టుకుని మొత్తం చదివాను. అయినా నా వేళ్ళు కాగితం ముక్కను వదల్లేదు. మనిషి హాస్పిటల్లో ఉన్నాడు. వెళ్తూ రాసిచ్చిన మాట ఇది. దాన్ని కాదంటే ఏమవుతుందో. చదివిన బుద్ధి ఒక పక్కకి లాగింది, భయం ఒక పక్కకి లాగింది. నాలో ఎప్పుడూ భయమే బలమైనది.

"రాసిందే ఇవ్వు బాబూ" అన్నాను.

జైనల్ నిట్టూర్చి పెద్ద పెట్టె దించాడు. "ఒక్క మాట వినండి. దివిటీకి నేరుగా గురిపెట్టకండి. చూడ్డానికి డాన్స్ చేస్తున్నట్టే ఉంటుంది, లోపల కండ రాయికి కోసుకుపోతుంది."

నేరుగా గురిపెట్టలేదు. పెట్టాల్సిన అవసరమూ రాలేదు. ఎటు తిప్పినా ఆ చిన్న తొట్టిలో దాని దెబ్బ దివిటీనే తాకింది. స్విచ్చి వేసిన నిమిషంలో అడుగున ఇసుక లేచి నీళ్ళన్నీ పాలలా అయ్యాయి. కాస్త తేరుకున్నాక చూస్తే ఒక మూల రాతి అడుగు బయటపడింది, ఇంకో మూల ఇసుక దిబ్బ వేసింది. దివిటీ వేళ్ళు లోపలికి ముడుచుకున్నాయి. దాని మీద ఇసుక పడుతోంది. చిన్న గరిటెతో ఊడుస్తాను, మళ్ళీ పడుతుంది.

సాయంత్రం హాస్పిటల్‌కి గంజీ ఉప్పులో ఊరేసిన ముల్లంగీ తీసుకువెళ్ళాను. ఊపిరితిత్తుల్లో నీరు తగ్గాక గానీ కోయమన్నారట. తమ్ముడు నేను కూర్చునేదాకా కూడా ఆగలేదు.

"కొత్త పంపు పెట్టావా?"

"పెట్టాను."

"దివిటీ తెరుచుకుందా?"

"తెరుచుకుంది."

"ఎంత?"

"అరచేయంత."

"చూశావా మరి. నువ్వూ నీ భయాలూ." గంజి పూర్తిగా తాగాడు. ఆ రోజు అంత తిన్నాడని నర్సు కూడా అంది.

మర్నాడూ అదే అడిగాడు. అదే చెప్పాను. ఆ మర్నాడు, "రెండు అరచేతులంత" అన్నాను. ఒకసారి మొదలుపెడితే అబద్ధం పగడం కంటే త్వరగా పెరుగుతుంది. ఇంటికి వచ్చి చూస్తే, ఒక కాడ కొసన కండ చిరిగి తెల్లటి రాయి కనిపిస్తోంది. పదకొండు కాడల్లో అది మొదటిది. ఇంకో మూడు రోజులు ఇలాగే ఉంటే హమ్దాన్‌కి ఇవ్వడానికి ఏమీ మిగలదు. ఇంటికొచ్చి తమ్ముడు చూడ్డానికీ ఏమీ మిగలదు. ఆ రెండోదాని గురించే నేను ఎక్కువ ఆలోచించాను. తొట్టి ఖాళీగా ఉన్న ఇంటికి మనిషి ఎందుకొస్తాడు?

మళ్ళీ బస్సెక్కాను.

జైనల్ నన్ను చూడగానే ఏమీ అడక్కుండా ఆ రెండు చిన్న పెట్టెలూ బల్ల మీద పెట్టాడు.

"తిట్టు బాబూ" అన్నాను.

"తిడితే దివిటీ తెరుచుకుంటుందంటే తిడతాను. కాఫీ తాగుతారా?" తాడు కట్టిన ప్లాస్టిక్ సంచిలో కాఫీ తెప్పించాడు. నేను తాగుతుంటే ఒక అట్టముక్క మీద తొట్టి బొమ్మ గీసి, పంపులు ఎక్కడ అంటించాలో గుర్తులు పెట్టాడు. "నీటి మట్టానికి నాలుగు వేళ్ళ కింద. మూతులు కాస్త పైకి, ముందు అద్దం వైపుకి. రెండు ధారలూ అక్కడ గుద్దుకుని విరిగిపోవాలి. విరిగిన నీళ్ళే పగడానికి మంచివి. మూడు రోజులు చెయ్యి పెట్టకండి. మీరు గంటకోసారి సర్దుతారు, నాకు తెలుసు."

పెద్ద పంపు తీసి సింకు కింద పెట్టాను. చిన్నవి రెండూ అట్టలో ఉన్నట్టే అంటించాను. స్విచ్చి వేస్తే చప్పుడే లేదు. ఆగిపోయిందేమోనని చెవి అద్దానికి ఆనించి విన్నాను. ఎడమ పక్క నీళ్ళు ఉబ్బి, తగ్గి, కుడి పక్క ఉబ్బాయి. ఇసుక కదల్లేదు.

మొదటి రోజు ఏమీ లేదు. అద్దం ముందు కుర్చీ వేసుకుని చేతులు ఒళ్ళో కట్టుకుని కూర్చున్నాను. సర్దకుండా ఉండడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. రెండో రోజు మధ్యాహ్నం ఒక కాడ మీద మూడు వేళ్ళు బయటికి వచ్చాయి. మూడో రోజు బట్టలు ఆరేసి వంటింటి కిటికీ మూసి వచ్చేసరికి పది కాడలు తెరుచుకుని ఉన్నాయి. పదకొండోది, ఆ చిరిగినది, సగమే. వేళ్ళు ఇటు ఊగి, ఆగి, అటు ఊగుతున్నాయి. ఫోనుతో వీడియో తీశాను. మొదటిది సరిగ్గా రాలేదు, మళ్ళీ తీశాను.

అది ఆపరేషన్‌కి ముందు రోజు సాయంత్రం. తమ్ముడు ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని మూడుసార్లు చూశాడు. మూడోసారి అతని పెదవి ఒక పక్కకి వంగింది. చిన్నప్పుడు నా దొంగతనం పట్టుకున్నప్పుడల్లా అలాగే వంగేది.

"అక్కా, నా పంపు ఏది?"

"అదే కదా ఇది."

"ముప్పై నాలుగేళ్ళు నీళ్ళు తోసినవాణ్ణి. నేను రాసిందే పెట్టుంటే ఈ వేళ్ళన్నీ ఒకే దిక్కు వంగాలి. ఇవి అటూ ఇటూ ఊగుతున్నాయి. రెండు పంపులున్నాయిందులో."

నేను గంజి గిన్నె మూత తీశాను.

"పెద్దది ఎక్కడుంది?"

"సింకు కింద."

"మరి అరచేయంత తెరుచుకుందన్నావే, రెండు అరచేతులన్నావే?"

"అన్నాను."

"అబద్ధాలకోరు" అన్నాడు. ఆ తర్వాత నవ్వాడు, ఊపిరి అందేంత మేరకే. "నేను ఓడని లాగే బుర్రతో రాశాన్లే. అంత పంపు దానికెందుకు? జైనల్ చెప్పాడా?"

"చెప్పాడు. ముందే చెప్పాడు. నేనే వినలేదు."

"ఎందుకు?"

"నువ్వు రాసిచ్చి వెళ్ళావని."

అతను గిన్నె తీసుకుని రెండు గుక్కలు తాగి పక్కన పెట్టాడు.

"నెలకోసారి ఆ పంపులు విప్పి వెనిగర్‌లో నానబెట్టాలి. లోపల సున్నం పట్టేస్తుంది. రెక్క సన్నంగా ఉంటుంది, గట్టిగా లాగకు. నేనొచ్చాక చూపిస్తాను."

"నువ్వొచ్చాక చూపించు."

"హమ్దాన్‌కి ఫోన్ చేసి చెప్పు. నాలుగు కాదు, ఐదు కాడలిస్తానని."

చెప్పాను. ఆ వీడియో కూడా పంపించాను. ఆదివారం పడవ ఎక్కి వస్తానన్నాడు. ఇంటికి వచ్చి తొట్టిలో ఆవిరైపోయినంత మేర మంచినీళ్ళు పోసి, తొట్టి మీది దీపం దానంతటదే ఆరేదాకా కూర్చున్నాను. దీపం ఆరాక దివిటీ మెల్లగా ముడుచుకుంది. పంపులు తిరుగుతూనే ఉన్నాయి.

ఆదివారం హమ్దాన్ వచ్చాడు. కాడలు ఎలా కోయాలో అతనికి తెలుసు. నేను తొట్టి మీద లైటు పట్టుకున్నాను. అతను ఐదు కోసుకుని, నీళ్ళు పోసిన డబ్బాలో పెట్టుకుని వెళ్ళాడు. ఐదు నాకు మిగిల్చాడు. చిరిగినది కూడా నా దగ్గరే ఉంది.

నెలకోసారి పంపులు వెనిగర్‌లో నానబెడుతున్నాను. ఎలా విప్పాలో పెట్టె మీద రాసింది చదివి నేర్చుకున్నాను.

మా చెల్లి తిరిగి రాలేదు, 1961 మార్చిలో. తమ్ముడు టెక్ బూన్ ఆపరేషన్ గదిలోంచి తిరిగి రాలేదు, 2025 ఆగస్టు పద్నాలుగు, గురువారం.