టి.ఎన్.డి. పెళ్లికొడుకు

నేను ఒక కొయ్య బొమ్మను. ఏ భాగం బొమ్మనో చెప్పడానికి మా విమలమ్మకు సిగ్గులేదు గానీ నాకుంది. నన్ను చెక్కిన ఏటికొప్పాక పనివాడు ఇంట్లోవాళ్లు అడిగితే మంచం కోడు నమూనా అని తప్పించుకున్నాడు.

అక్కణ్ణుంచి గోదావరి ఒడ్డున హెచ్‌ఐవీ మందులిచ్చే సెంటర్‌కు చేరాను. కౌన్సెలర్ విమలమ్మ నన్ను బల్లమీద నిలబెట్టి నిరోధ్ తొడగడం నేర్పేది. గుబురు మీసాలవాళ్లు కూడా నన్ను చూడగానే ఫ్యాన్ రెక్కలు లెక్కపెట్టేవారు. ఆడవాళ్లే నయం, కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే చక్కగా నేర్చుకునేవారు.

లారీ డ్రైవర్ సూరిబాబు, బ్లౌజులు కుట్టే ధనకుమారి అక్కడి మాత్రల వరుసలోనే కలిశారు. ఆయన భార్య పోయింది, ఆమె భర్త పోయాడు. తన జబ్బు సంగతి ఆ భర్త చచ్చేదాకా ఆమెకు చెప్పలేదు. ఆ మంట ఇంకా ఆరలేదు. అయినా సూరిబాబు నెలనెలా కాజాలు తెచ్చిపెడుతుంటే ఎంతకాలమని ముఖం తిప్పుకుంటుంది? పెళ్లికి ఒప్పుకుంది.

ఒకరోజు ఇద్దరూ శుభలేఖలతో ఊడిపడ్డారు. విమలమ్మ చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివింది. వరుడి పేరు పక్కన బంగారు అక్షరాలతో 'టి.ఎన్.డి.'!

"ఇదేం డిగ్రీ సూరిబాబూ?"

"ఆయ్, మీరిచ్చిందేనండి! రక్తంలో వైరస్ కనపడలేదని రిపోర్టులో రాశారు కదండీ, 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్' అన్న ఆ ఇంగ్లీషు ముక్కకి పొట్టి పేరండి. మా చుట్టాలు నేనేదో పరీక్ష పాసయ్యాననుకుంటున్నారు. ఇద్దరికీ ఉన్నదొకటే, ఇద్దరం మందులు మింగుతున్నాం. ఇంక ఆ బొమ్మతో మాకు పనేంటండీ?"

విమలమ్మ బల్ల చరిచి నవ్వింది. నేను దొర్లి కింద పడబోయాను.

"ఆ రిపోర్టు హెచ్‌ఐవీ ఒక్కదానికేనయ్యా. సవాయి, సెగ లాంటి సుఖవ్యాధులకు నీ మాత్రలంటే లెక్కేలేదు. సవాయి పుండు నొప్పి లేకుండా దానంతటదే మానిపోయినా జబ్బు లోపలే ఉంటుంది. పెళ్లానికీ, పుట్టబోయే బిడ్డకీ అంటుకుంటుంది."

సూరిబాబు ముఖంలో పెళ్లికళ దిగిపోయింది. చూపు ఫ్యాన్ మీదికి వెళ్లింది. ధనకుమారి ఆ చూపును పట్టేసింది. నన్ను తీసి ఆయన ముందు ఠపీమని పెట్టింది.

"పైకి కాదు, ఇటు చూసి చెప్పండి."

నా గుండె దడదడలాడింది. కర్రకు గుండేమిటని అడక్కండి. ఆయన అబద్ధమాడితే ఈ పెళ్లి లేదని నాకు తెలుసు.

"వేసవిలో ఒక పుండు లేచింది ధనం. ట్రిప్పులో తప్పు చేశాను, మన మాటలు కుదరకముందు. పసుపు రాస్తే మానిపోయింది. రిపోర్టు బాగుంటే అదీ పోయిందనుకున్నాను. చెబితే నువ్వు వెళ్లిపోతావని భయమేసింది."

ధనకుమారి లేచి చేతిసంచి భుజాన వేసుకుంది.

"మొదటాయన చెప్పకుండా నన్ను ముంచాడు. మీరు చెప్పారు. పదండి, ముందు సూది, తర్వాతే తాళి."

కాళ్లుంటే ఎగిరి గంతేసేవాణ్ని!

పరీక్షలో ఆయనకు సవాయి తేలింది, సూదిమందుకు లొంగింది. ఆమెకు లేదు. ముహూర్తం మూడు నెలలు వాయిదా పడింది. పెళ్లినాడు విమలమ్మ నన్ను నిరోధ్ డబ్బాతో సహా కానుకల పళ్లెంలో పెట్టింది. చూపు ఆనని ఒక పెద్దముత్తయిదువ నాకు భక్తిగా పసుపు రాసి కుంకుమ పెట్టేసింది. పెళ్లికొడుకు నవ్వు ఆపుకోలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు.

ఇప్పుడు నేను ధనకుమారి కుట్టుమిషన్ సొరుగులో దారపు ఉండల మధ్య ఉంటున్నాను. రంగు వెలిసింది, చిన్న పగులొచ్చింది. కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్లు వస్తే నన్ను బయటికి తీసి పాఠం చెబుతుంది. నా పక్కనే ఆ శుభలేఖ ఒకటుంది. కొత్తవి అచ్చువేయిస్తానని సూరిబాబు ఎంత బతిమాలినా వినకుండా, రెండొందల కార్డుల మీదా ఆమే కూర్చుని తేదీ దిద్దింది. 'టి.ఎన్.డి.' కొట్టేసి, పక్కన తన చేత్తో రాసింది: నిజం చెప్తాడు.