రెండో దెబ్బ

సుత్తిని బుడిపెవైపు తిప్పి పట్టుకుని, టింకరు తమ షెడ్డు పికప్ నేలరేకును అంగుళం అంగుళం కొట్టి చూస్తున్నాడు. బాగున్న రేకు టంగుమంటుంది. తుప్పు పట్టిన రేకు పొడిదగ్గు దగ్గుతుంది. బొత్తిగా తినేసిన చోట సుత్తికి జవాబే రాదు. అక్కడ తుప్పు పొరలుగా లేచి, ఎండుటాకులా విరిగి, షెడ్డు నేల మీద రాలుతోంది. డ్రైవరు కాళ్ళు పెట్టుకునే చోట అరచెయ్యి దూరేంత కంత. పక్క సీటు కింద అంతకంటే పెద్దది. ఆ కంతలోంచి, బండి కింద తను విడిచిన చెప్పులు అతనికి కనిపిస్తున్నాయి.

సీట్లు విప్పి గోడ వారగా పెట్టాడు. తలుపుల మీదా బానెట్ మీదా తడి గోనెపట్టాలు కప్పాడు. నిప్పురవ్వలు పడి కొత్త రంగు పాడవకూడదు. ఏ షెడ్డులోనైనా ముందు రేకుపని, తరవాత రంగు. ఈ బండికి వరస తప్పింది. ముందు రంగు పడింది. బయటి నుంచి చూస్తే పెళ్ళికొడుకు. తలుపు తీస్తే కాళ్ళ కింద నేల లేదు.

"పైన పటారం, లోన లొటారం," అని పొద్దున్నుంచీ అతను రెండుమూడుసార్లు గొణిగాడు. వినేవాళ్ళెవరూ లేరు.

గోడ వెనక గదిలోంచి నవ్వు వినిపించింది. పెయింటరు నవ్వు. టింకరు సుత్తి ఆగింది. ఏం చెప్పుకుని నవ్వుతున్నారో అని మెడ కాస్త వంచాడు. మాటలు తెలియలేదు. మళ్ళీ సుత్తి ఎత్తి, అవసరమైన దానికంటే గట్టిగా కొట్టాడు.

వెనక గదిలో మంచం మీద ఉన్నది ఈ షెడ్డు పెద్దాయన. టింకరుకీ పెయింటరుకీ కూడా పని నేర్పిన గురువు, పిల్లనిచ్చిన మామ. పెద్ద కూతుర్ని టింకరుకిచ్చాడు. చాలా ఏళ్ళకు, రంగుపని నేర్చుకుందామని వచ్చిన కుర్రాడికి రెండో కూతుర్నిచ్చాడు. అలా ఇద్దరూ తోడల్లుళ్ళయ్యారు. ముందు వచ్చింది తను. షెడ్డుకు పైకప్పు రేకులు మామతో కలిసి ఎక్కించింది తను. వెనకొచ్చిన కొమ్ములు వాడి అన్న మాట ఎవరు కట్టారో గానీ, తనను చూసే కట్టి ఉంటారని టింకరు నమ్మకం.

ఈర్ష్య అని దానికి పేరు పెట్టుకోవడం అతనికి ఇష్టం ఉండదు. వరస తప్పింది అనుకుంటాడు, అంతే.

పనివాడిని నోటితో మెచ్చుకుంటే చెయ్యి బద్ధకిస్తుందని మామ నమ్మకం. అందుకే ఆ షెడ్డులో ఒక పద్ధతి ఏర్పడింది. రేకుపని ముగిశాక టింకరు దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా సుత్తితో వాయించాలి. మామ ఎక్కడున్నా వింటాడు. విని, చేతిలోని కొయ్యసుత్తితో బల్ల మీద కొడతాడు. ఒక్క దెబ్బ కొడితే బాగుందని. రెండు దెబ్బలైతే మళ్ళీ కోసి మళ్ళీ చెయ్యమని. మంచాన పడ్డాక బల్ల బదులు గోడ. ఇన్నేళ్ళలో టింకరు రెండు దెబ్బలు విన్న రోజులే ఎక్కువ. ఒక్క దెబ్బ విన్న రోజున ఇంటికి వెళ్ళి భార్యతో అనవసరంగా నవ్వుతూ మాట్లాడేవాడు. ఆమె వెంటనే పసిగట్టేది. "ఏమిటి, ఇవాళ ఒకటే మోగిందా?" అనేది.

రంగుకు చప్పుడుండదు. అందుకని పెయింటరు పనిని మామ అరచేత్తో తడిమి చూసేవాడు. మొన్న కూడా మామను కుర్చీతో సహా ఎత్తి షెడ్డులోకి తెచ్చారు. కుర్చీ ముందుకాళ్ళు టింకరే పట్టుకున్నాడు. ఎముకా తోలూ మిగిలిన ఆ చెయ్యి నీలం తలుపు మీద వాలి, నెమ్మదిగా కిందికి జారి, మళ్ళీ పైకి వెళ్ళింది. చంటిపిల్ల వీపు నిమిరినట్టు. టింకరు కుర్చీ కాళ్ళు పట్టుకునే ఉన్నాడు. చేతులు నొప్పి పుట్టాయి. తన రేకును మామ ఏనాడైనా అలా నిమిరాడా? నిమిరితే వేళ్ళు తెగుతాయి కదా అని తనకు తనే సర్ది చెప్పుకున్నాడు. ఆ సర్దుబాటు పగటిపూట సరిపోయింది. నిద్రలో సరిపోలేదు.

పెయింటరు గదిలోంచి బయటికి వచ్చాడు. పొడుగాటి మనిషి. గోళ్ళ చుట్టూ నీలం గీతలు.

"అన్నయ్యా, సాయంత్రానికి అయిపోతుందా?"

"దేనికంత తొందర?"

"మామకు మాటిచ్చాను. వంతెన దాకా తీసుకెళతానని. ఎండ తగ్గాక."

"మాట నువ్విచ్చావు. రేకు ఇచ్చిందా?"

పెయింటరు నవ్వాడు. "నువ్వు తలుచుకుంటే మధ్యాహ్నానికే అయిపోతుంది. నాకు తెలీదా నీ చెయ్యి?"

ఆ మెచ్చుకోలు టింకరుకు ఎంగిలి గ్లాసులో పోసిన టీలా అనిపించింది. సుద్దముక్క తీశాడు. పెయింటరు గదిలోకి వెళ్ళిపోయాడు.

తుప్పు ఎంతవరకు పాకిందో సుత్తి ముందే చెప్పింది. దాని అంచున టింకరు గీత గీశాడు. ఇంత ముక్క కోసి, ఇంత ముక్క అతికితే చాలు. నిజమే, మధ్యాహ్నానికి అయిపోతుంది. ఎండ తగ్గాక బండి కదులుతుంది. స్టీరింగు దగ్గర వాడు, పక్కన మామ. దారిలో ఆయన చెయ్యి కిటికీలోంచి బయటికి వేలాడుతూ ఆ నీలం తలుపును తడుముతుంది. కాళ్ళ కింద నేల ఎవరిదో ఎవరికి గుర్తుంటుంది? దాని మీద రబ్బరు చాప పరిచి ఉంటుంది.

టింకరు బొటనవేలితో సుద్దగీత చెరిపాడు. జానెడు అవతల కొత్త గీత గీశాడు.

అక్కడ రేకు టంగుమనే చోటు. అది అతనికి తెలుసు. లోపల ఏముందో ఎవరు చూశారు, అంచున తుప్పు ఇంకా పాకదా, జాగ్రత్త మంచిదే కదా అని తనకే వినిపించేలా అనుకున్నాడు. గ్రైండర్ ఎత్తి కళ్ళద్దాలు దించుకున్నాడు. తుప్పు మీద గ్రైండర్ గొంతు గరగరలాడుతుంది. మంచి రేకు తగలగానే ఆ గొంతు సన్నబడి పాట అందుకుంటుంది. ఆ పాట మొదలైన క్షణంలో అతని చూపు గోడవైపు వెళ్ళింది. గోడ అవతల ఉన్నాయన చెవులు ఈ తేడాను కనిపెట్టడంలోనే ముసలివయ్యాయి. చెయ్యి ఆపాలనుకుంటే ఆపగలిగేవాడే. ఆపలేదు.

కోసిన ముక్క చేతిలోకి వచ్చింది. దాని అడుగున పాత రంగు చెక్కుచెదరలేదు. తను మంచి రేకును కోయడం ఇదే మొదటిసారి. ఆ ముక్కను తుప్పుకుప్ప కిందికి కాలితో నెట్టాడు.

మధ్యాహ్నం భార్య అన్నం తెచ్చింది. గదిలోకి వెళ్ళి తండ్రిని చూసి వచ్చి, విప్పి పెట్టిన సీటు మీద కూర్చుంది.

"నాన్న ఇవాళ నీళ్ళు తప్ప ముట్టలేదు. మీరొకసారి లోపలికెళ్ళి కూర్చోకూడదూ?"

"కూర్చోడానికి తమ్ముడున్నాడుగా. కబుర్లు, నవ్వులు, అన్నీ జరుగుతున్నాయి."

"అతను నవ్వుతున్నాడు. నాన్న నవ్వడం నేను చూళ్ళేదు."

"పనయ్యాక వెళతాలే."

"ఎప్పటికవుతుంది?"

"చాలా తుప్పుంది."

ఆమె లేచి బండిలోకి తొంగి చూసింది. టింకరు కూతురు, టింకరు భార్య. కోసిన అంచు శుభ్రంగా మెరుస్తోంది. ఆమె అంచును చూసింది, మొగుణ్ణి చూసింది. "కళ్ళలో నిప్పులు పోసుకోకండి," అని మాత్రం అని, గిన్నెలు సర్దుకుంది. గ్రైండర్ దగ్గర అద్దాలు పెట్టుకోమని చెబుతోందా, ఇంకేమైనా చెబుతోందా అని అడిగే ధైర్యం అతనికి లేకపోయింది.

కంత పెద్దదయ్యాక పనీ పెద్దదయింది. అట్టపెట్టె చింపి, కంత మీద పరిచి, అంచుల వెంట వేలితో నొక్కి ఆకారం తీశాడు. ఆ అట్ట ప్రకారం కొత్త రేకు కత్తిరించాడు. గొట్టం మీద పెట్టి వంచాడు. పాత నేలకున్న గాడులు కొత్తదానికీ రావాలి. లేకపోతే కాలు పెట్టగానే డబడబలాడుతుంది. ఒక గాడి వంకరపోతే సరిచేశాడు. అతుకు ఒకచోట నుంచి మొదలుపెట్టి వరసగా వేసుకుంటూ పోతే వేడికి రేకు మెలికలు తిరుగుతుంది. ఇక్కడో చుక్క, దూరంగా అక్కడో చుక్క, మళ్ళీ ఇటు. చుక్కకూ చుక్కకూ మధ్య చల్లారనివ్వాలి. ఆ చల్లారే వ్యవధిలో అతను తోడల్లుణ్ణి మరిచిపోయాడు. మామను కూడా మరిచిపోయాడు. రేకు అంచు ఇంకో రేకు అంచును వెతుక్కుంటోంది, అంతే. ఈర్ష్య లేని ఆ గంటల్లో తను ఎలాంటి మనిషో అతనికి తెలియదు. ఆ మనిషితో అతనికి పరిచయం తక్కువ.

ఎండ షెడ్డు గడప దాటి రోడ్డు మీదికి వెళ్ళిపోయింది. పెయింటరు మళ్ళీ వచ్చాడు. ఈసారి నవ్వలేదు.

"అన్నయ్యా, ఇంకా?"

"అతుకు చల్లారాలి. తుప్పు పట్టకుండా కింద పూత వెయ్యాలి. రేపు పోదురుగాని."

"రేపు..." అన్నాడు పెయింటరు. ఇంకేదో అనబోయి, బండి వంక చూసి, లోపలికి వెళ్ళాడు.

గెలిచినట్టుంటుందని అనుకున్నాడు టింకరు. గొంతులో ఇనుప రజను రుచి తప్ప ఏమీ లేదు.

చివరి చుక్క కూడా చల్లారింది. అతుకును సానపట్టి, గుడ్డతో తుడిచాడు. సుత్తి తీసుకున్నాడు. ఆ కొస నుంచి వాయించడం మొదలుపెట్టాడు. టంగు. టంగు. పాత రేకు ముగిసి కొత్త రేకు మొదలైన చోట చప్పుడు మారలేదు. ఇన్నేళ్ళలో ఇంత ఏకస్వరంగా పలికిన నేల తను చెయ్యలేదని అతనికి తెలిసింది. ఈ కొసకు వచ్చి ఆగాడు. మోకాళ్ళ మీదే ఉండి, గోడవైపు ముఖం తిప్పాడు.

గోడ మీద దెబ్బ పడింది. మెల్లగా, కానీ స్పష్టంగా.

రెండోదాని కోసం చూశాడు. రోడ్డు మీద ఏదో బండి వెళ్ళింది. అదీ వెళ్ళిపోయింది. రెండో దెబ్బ రాలేదు.

అతనికి నవ్వొచ్చింది. ఒంటరిగా, బండి నేల మీద కూర్చుని నవ్వాడు. రేపు మామ పక్కన తనూ ఎక్కుతాడు. వాడే నడపనీ. ఇప్పుడే లోపలికి వెళ్ళాలి, మంచం పక్కన కూర్చోవాలి అనుకుంటూ, చేతుల మసి తుడుచుకుని చెప్పుల కోసం బండి కిందికి వంగాడు.

పెయింటరు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అన్నయ్యా," అన్నాడు. "వదినకు కబురు పంపాలి."

ఆ తరవాత అక్కచెల్లెళ్ళిద్దరూ వచ్చారు, ఇరుగుపొరుగు వచ్చారు. గదిలో ఏడుపు మొదలై, కాసేపటికి సన్నగిల్లింది. తోడల్లుళ్ళిద్దరూ షెడ్డులో, విప్పి పెట్టిన సీటు మీద పక్కపక్కన కూర్చున్నారు. ఒకే సీటు మీద వాళ్ళు కూర్చోవడం ఇంతకుముందెప్పుడూ జరగలేదు.

"పొద్దున్నుంచీ నేను వాగుతూనే ఉన్నా," అన్నాడు పెయింటరు. "నవ్విద్దామని నేనే చెప్పి నేనే నవ్వా. చివరికి చెయ్యెత్తి ఆపేశాడు. నీ చప్పుడు వినపడట్లేదట."

టింకరు సీటు మీది తుప్పు పొడిని అరచేత్తో దులిపాడు.

"వంతెనా గింతెనా ఏమీ అక్కర్లేదన్నాడు. ఊరికే అందులో కూర్చుని, నువ్వేసిన నేల మీద కాళ్ళు పెట్టుకుంటే చాలన్నాడు. వంతెన నా ముచ్చట." పెయింటరు తన నీలం గోళ్ళు చూసుకున్నాడు. "నా రంగు తడిమాడు చూడు మొన్న. ఎందుకనుకున్నావు? లోపలి రేకు చేతికి తెలుస్తుందేమోనని. నీ మీద నాకెంత కడుపుమంటో నీకు తెలీదన్నయ్యా."

"గ్రైండర్ వేసినప్పుడు..." అన్నాడు టింకరు. "పొద్దున, మొదట కోసినప్పుడు, ఏమన్నా అన్నాడా?"

"అనలేదు. కళ్ళు తెరిచాడు. చాలాసేపు తెరిచే ఉంచాడు."

టింకరు తుప్పుకుప్ప వైపు చూశాడు. వెంటనే చూపు తిప్పుకున్నాడు.

"దెబ్బ కొట్టాక?"

"కొట్టి, చెయ్యి మళ్ళీ ఎత్తాడు," అన్నాడు పెయింటరు. "ఎత్తి అలాగే ఉంచాడు. తరవాత వాలిపోయింది. అయినా ఒకటే కదన్నయ్యా కొట్టింది. ఒకటంటే ఏమిటో నాకు తెలీదా? ఆఖరి మాట నీకే దక్కింది."

టింకరు తల తిప్పాడు. పక్కన కూర్చున్నవాడి కళ్ళలో, ఇన్నేళ్ళూ తను మోసినదాన్నే చూశాడు. ఆ ఒక్క దెబ్బ తనకు దక్కలేదని చెప్పడానికి అతనికి ఒక్క మాట చాలు. ఆ మాట రాలేదు.

ఆయన్ని బయటికి తెచ్చాక గది ఖాళీ అయింది. టింకరు ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మంచం పక్క గోడకు సున్నం రాలి, జంటలు జంటలుగా సొట్టలు. వాటికి కాస్త ఎడంగా, తాజాగా ఒక్కటే సొట్ట. దాని కింద, దుప్పటి మడతలో, ముఖం గోడవైపు తిప్పుకుని కొయ్యసుత్తి పడి ఉంది.