ఒక మెట్టు పైన

నేను ఒక బాస్ గిటారుని. గిటారు అనగానే మీ కళ్ళముందు మెదిలేది నేను కాదు, ముందే చెబుతున్నాను. ఆరు తీగలవాడు వేదిక ముందుకొచ్చి గెంతుతుంటే జనం ఈలలేస్తారు. నాకున్నవి నాలుగే తీగలు, అవీ లావుపాటివి. నేను మోగినంతసేపూ నేనున్నట్టు ఎవరికీ తెలియదు. ఆగితే మాత్రం "ఏదో వెలితిగా ఉందేమిటి చెప్మా" అని అటూ ఇటూ చూస్తారు.

పుట్టింది కలకత్తాలో, హార్మోనియంలు చేసే ఇరుకు కార్ఖానాలో. నన్ను చేసిన ముసలాయన బాస్ గిటారును ఫొటోలో చూడటమే తప్ప చేత్తో ముట్టుకుని ఎరగడు. అందుకే నా ఒళ్ళు కాస్త బరువు. మొదట ఒక హోటల్ బ్యాండువాడు కొన్నాడు. భోజనాల మధ్య, చెంచాల చప్పుడులో కొన్నేళ్ళు వాయించాడు. ఆ తర్వాత విశాఖపట్నం వచ్చి పెళ్ళి చేసుకుని, పెళ్ళాం పోరు పడలేక నన్ను పూర్ణా మార్కెట్ దగ్గర పాతసామాన్ల కొట్లో దింపేశాడు. అక్కడ కుట్టుమిషను పక్కన దుమ్ము తింటూ ఉండగా సన్యాసిరావు వచ్చాడు.

సన్యాసిరావు! రాక్ పాటలు పాడేవాడికి ఉండాల్సిన పేరేనా అది? పోస్టర్ల మీద 'సన్నీ' అని వేసుకునేవాడు. వాళ్ళమ్మ మాత్రం వీధి చివర నుంచి "ఒరే సన్నాసీ!" అని కేకేసేది. నన్ను వాయిస్తూ పాడేది అతనే. గిటారు ఇమ్మానుయేలు, డ్రమ్ములు యెల్లాజీ. తుపాను ముంచుకొచ్చినప్పుడు రేవులో ఎగరేసే ప్రమాద హెచ్చరిక పేరే బ్యాండుకు పెట్టుకున్నారు: 'ఏడో నంబర్'. కంచరపాలెంలో యెల్లాజీ ఇంటి వెనక రేకుల షెడ్డులో సాధన చేసేవాళ్ళు. యెల్లాజీ భార్య నూకరత్నం గుమ్మంలో కూర్చుని చేపలు తోముకుంటూ వినేది. నా బతుకులో బాగున్న రోజులు అవే, దాచుకోవడం ఎందుకు.

మద్రాసు వెళ్ళి ఒక క్యాసెట్టు చేశారు. అందులో 'లంగరు' అనే పాట ఉంది. చివర సన్యాసిరావు గొంతు పైకి లేచి అక్కడే నిలబడిపోతుంది. పాట దివ్యంగా వచ్చింది. కొంప మునిగింది ఆ తర్వాత. మా టేపును క్యాసెట్లలోకి ఎక్కించిన యంత్రం కాస్త తొందరగా తిరిగింది. దాంతో పాటంతా శ్రుతిలో ఒక మెట్టు పైకి పోయింది. గొంతు సన్నబడి, అందులోకి ఎక్కడలేని దూకుడూ వచ్చి, జనానికి పిచ్చిపిచ్చిగా నచ్చేసింది. మొదటిసారి విన్నప్పుడే అది నా మోత కాదని నాకు తెలిసిపోయింది. చెప్పడానికి నాకు నోరేదీ? వాళ్ళు ముగ్గురూ వీపులు చరుచుకుంటూ "ఇంత బాగా పాడీసేమేటిరా!" అని మురిసిపోతున్నారు.

ఇక సభల్లో మొదలైంది గోల. "క్యాసెట్లో ఉన్నట్టు లేదే" అన్నారు జనం. సన్యాసిరావు క్యాసెట్టు ముందు పెట్టుకుని, దానికి సరిపోయేదాకా నా తీగలు బిగించాడు. నా మెడ వంగింది. విజయనగరంలో, కాలేజీ పిల్లల ముందు, 'లంగరు' చివర అతని గొంతు చీలిపోయింది. పిల్లలు పకపకా నవ్వారు. తర్వాతి ఊళ్ళోనూ అంతే.

"నా గొంతు పోయిందిరా," అని నన్ను సంచిలో పెట్టి జిప్పు లాగేశాడు.

గొంతు పోలేదయ్యా మగడా, అది ఉన్నచోటే ఉంది, శ్రుతే పైకి పోయింది! సంచిలో ఎంత మొత్తుకున్నానో. ఎవరు వింటారు?

బ్యాండు అక్కడితో సరి. సన్యాసిరావు పోర్టులో క్రేను నడిపే ఉద్యోగంలో చేరాడు. ఆకాశంలో వేలాడే గాజు గదిలో రోజంతా ఒక్కడే. ఇంటికొచ్చాకా ఒక్కడే. పెళ్ళి మాటెత్తితే నవ్వి ఊరుకునేవాడు. తల్లి కూడా పోయింది. బీరువా మీద నేను, కింద మంచం మీద అతను. ఎన్ని ఏళ్ళు గడిచినా, స్నానం చేస్తూ కూడా ఒక్క కూనిరాగం తీయలేదు. ఇంట్లో వినేవాడే లేనప్పుడు కూడా పాడటానికి సిగ్గుపడే మనిషిని చూడటం ఎంత దిగులో మీకు తెలియదు.

యెల్లాజీ పోయిన మరుసటి ఏడు ఇమ్మానుయేలు వచ్చాడు. జుట్టంతా తెల్లబడింది కానీ నోరు మాత్రం అదే.

"ఒరే, మన పాటలు ఇప్పుడు కుర్రోళ్ళ ఫోన్లలో మోగుతున్నాయిరా. మళ్ళీ ఒక ఆల్బం చేసీద్దాం."

"నాకు గొంతేదిరా?"

"ఆ గొంతు కోసమే కదేటి అడుగుతున్నారు!"

బతిమాలి, తిట్టి, మొత్తానికి ఒప్పించాడు. నన్ను దించి తడిగుడ్డతో తుడిచారు. సంతోషించానో భయపడ్డానో నాకే తెలియదు.

ద్వారకానగర్‌లో నస్రీన్ అనే ఆవిడ స్టూడియో. కొత్త పాటలు బాగానే వచ్చాయి. 'లంగరు' లేకుండా ఆల్బం ఏమిటి? అదీ ఉండాల్సిందే. పాత పాట మర్చిపోయారు కనుక క్యాసెట్టు పెట్టుకుని తమ పాట తామే నేర్చుకున్నారు. మళ్ళీ నా తీగలు దానికే బిగించారు. మళ్ళీ అక్కడే గొంతు చీలింది. ఎన్నిసార్లు పాడినా అంతే.

"మెషీన్లో సరిచేసేస్తాను సార్, ఎవరికీ తెలీదు," అంది నస్రీన్, పాపం మంచిగానే.

"నాకు తెలుస్తాది కదమ్మా." సన్యాసిరావు నన్ను కుర్చీకి ఆనించాడు. "ఎవడైనా కుర్రాడి చేత పాడించండి. నా పేరు తీసెయ్యండి. రేపట్నించి నేను రాను."

ఇక నేను మళ్ళీ బీరువా మీదికే, అనుకున్నాను.

ఆ పూటే నూకరత్నాన్ని కూడా స్టూడియోకి పిలిపించాడు ఇమ్మానుయేలు. యెల్లాజీ ప్రతి పాటకు ముందూ డ్రమ్ము పుల్లలు కొట్టి "ఒకటీ, రెండూ, కానీయ్!" అని కేకేసేవాడు. క్యాసెట్టులో ఆ కేక ఉంది. దాన్ని కొత్త ఆల్బం మొదట్లో పెట్టాలని, ఆవిడను అడిగే పెట్టాలని అతని కోరిక. నస్రీన్ వినిపించింది.

నూకరత్నం తల అడ్డంగా ఊపింది. "ఇది మా ఆయన గొంతు కాదు బాబూ."

"అదేటి వదినా! ఈ క్యాసెట్టు నువ్వు ఎప్పుడూ వినలేదా?"

"మనిషి ఎదురుగా ఉంటే క్యాసెట్టుతో నాకేటి పని? ఆయనది బొంగురు గొంతు. ఇదేటి, మీసాలు రాని పిల్లడిలా ఉన్నాది."

పెద్దావిడ మర్చిపోయిందిలే అనుకున్నట్టుంది, ఇమ్మానుయేలు సర్దిచెప్పబోయాడు. నస్రీన్ మాత్రం ఏమనుకుందో, కంప్యూటర్లో వేగం కొంచెం తగ్గించి వినిపించింది. ఇంకొంచెం తగ్గించింది.

"ఆఁ... ఇదిగో. ఈయనే," అంది నూకరత్నం. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

కేక వెనకాలే పాట మొదలైంది. నా మోత నాకు వినిపించింది, అచ్చం షెడ్డులో మోగినట్టే! దాని మీద సన్యాసిరావు గొంతు, ఒక మెట్టు కింద, నిమ్మళంగా.

అందరికంటే ముందు అర్థమైంది అతనికే. నన్ను ఒళ్ళోకి తీసుకుని తీగలు ఒక్కొక్కటే వదులు చేశాడు. నా మెడకు ప్రాణం లేచొచ్చింది. పాడటం మొదలుపెట్టాడు. చివరి చోటికి వచ్చేసరికి నేనే బిగుసుకుపోయాను. గొంతు మామూలుగా లేచి, మామూలుగా నిలబడింది.

"వచ్చీసిందిరా సన్యాసీ! ఇంక నిన్నాపేవోడు లేడు!" ఇమ్మానుయేలు గంతులేశాడు.

"అప్పుడూ ఎవడూ ఆపలేదురా," అన్నాడు సన్యాసిరావు. "నేనే ఆగిపోనాను." అంత తేలిగ్గా వచ్చినందుకే ఏడ్చాడు. నా ఒళ్ళు తడిసింది.

ఆల్బం వచ్చింది. జనం మెచ్చుకున్నారు. పెద్దాయన వయసుకు తగ్గట్టు శ్రుతి దించుకుని హుందాగా పాడాడని ఎవరో రాశారు. ఇమ్మానుయేలు చిందులు తొక్కాడు, అసలు సంగతి రాసి పారేస్తానన్నాడు. సన్యాసిరావు వద్దన్నాడు. చెబితే ఆ ఏళ్ళు ఎవరు తెచ్చిస్తారు?

ఇప్పుడు నేను బీరువా మీద లేను. సాయంత్రాలు ఇంట్లో ఒక్కడే కూర్చుని నన్ను వాయిస్తూ పాడుకుంటాడు. మొన్న పక్కవాటా ఆవిడ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. ఈ గోడకు అవతల ఆవిడ ఎన్నాళ్ళుగా ఉంటోందో.

"ఇన్నేళ్ళనుంచీ ఉంటున్నాం, ఎప్పుడూ వినలేదండీ. మీరు పాడతారా?" అంది.

అతని వేళ్ళు నా తీగల మీదే ఉన్నాయి.

"పాడేవోణ్ణమ్మా. మధ్యలో ఆగిపోనాను," అన్నాడు.