ఎంగిలి పరీక్ష

వీడియో కాల్‌కు ఇంకా పది నిమిషాలున్నాయి. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీ నడిపే మురళీధర్, ఆదిలక్ష్మమ్మను మూలనున్న స్టూలు మీద కూర్చోబెట్టి, కాల్ అయ్యేదాకా పలక ముట్టుకోవద్దని చేతులు జోడించాడు.

ముప్పయ్యేళ్లుగా ఆమె పని ఒకటే. పలక మీద తుపుక్కున ఉమ్మి, కొంగుతో తుడవడం. తడి ఆరిపోతుంది. పగులుంటే అక్కడ మాత్రం సన్నటి నల్లగీత నిలుస్తుంది. బడి పలకలకు ఆ పరీక్ష సరిపోయేది. ఇప్పుడు బళ్లలో పలకలు లేవు. నార్వేలో ఇంగ్రిడ్ అనే ఆమె మాత్రం తన హోటళ్లలో పలకల మీద భోజనం వడ్డిస్తానంటోంది. నాలుగు వేల పలకలు. ఈ ఆర్డరు రాకపోతే ఫ్యాక్టరీకి తాళమే.

కంచాలు కొనుక్కోలేని వాళ్లేమోనని ఆదిలక్ష్మమ్మ జాలిపడింది.

కాల్ మొదలైంది. డిగ్రీ చదివి ఇక్కడే పనిచేస్తున్న బ్లెస్సీ, గ్లౌజులు తొడుక్కుని, పలక మీద స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొట్టి తుడిచింది. బాగుందని ఇంగ్లీషులో చెప్పి బల్ల మీద పెట్టింది.

ఆ చప్పుడు ఆదిలక్ష్మమ్మ చెవిన పడింది. మంచి పలక ఖంగుమంటుంది. ఇది మూగగా పలికింది. ఆమె లేచింది. మురళీధర్ కళ్లతోనే బతిమాలాడు. నాలుగే అడుగులు. కెమెరా ముందుకొచ్చి, పలక అందుకుని, ఉమ్మి, తుడిచేసింది.

తెర మీద ఇంగ్రిడ్ ముందుకు వంగింది. మురళీధర్ గోడకు చేరగిలబడ్డాడు.

ఆమె ఇంగ్లీషులో ఏదో అడిగింది.

"అత్తా, ఏం చేసినావని అడుగుతాంది" అంది బ్లెస్సీ.

"పగులు చూపిచ్చినా. అన్ని నీళ్లు కుమ్మరిస్తే ఏం కనపడతాది? చూడమను."

నల్లగీతను ఫోనుకు దగ్గరగా చూపించి, అక్కడే పట్టుకుని కాస్త వంచింది. పలక రెండు ముక్కలైంది.

ఇంగ్రిడ్ గబగబా మాట్లాడింది. బ్లెస్సీ తెలుగులో చెప్పింది. ఇంకెక్కడో కొన్న పలకలు వేడి వేడి చేపతో సహా అతిథుల ఒళ్లో విరిగి పడ్డాయట. ఆర్డరు ఖాయమట. ప్రతి పలకా ఈమే చూడాలట. ఆ తర్వాత వేడినీళ్లతో రెండుసార్లు కడగాలట.

మురళీధర్ ఆమె కాళ్లకు దండం పెట్టబోయాడు.

"దండం తర్వాత పెడుదువులే. నాలుగు వేలకు నా నోట్లో తడి యాడిది నాయనా? రోజూ రెండు నిమ్మకాయ సోడాలు తెప్పియ్."

సాయంత్రం నార్వే నుంచి ఫారం వచ్చింది. పరీక్షకు వాడే ద్రవం ఏమిటని అందులో ఒక గడి. మురళీధర్ అరగంట ఆలోచించి, స్థానిక ఉత్పత్తి అని నింపాడు.