తొడ రక్తం

రక్త పరీక్ష రిపోర్టు మీద సంతకం పెట్టబోతున్న కామేష్‌ను సీనియర్ లలితాంబ ఒక్క మాటతో ఆపింది.

"ఏ రక్తమయ్యా ఇది?"

"గుండెలోంచి తీసింది, మేడమ్."

"మరి తొడ రక్తం?"

కామేష్ గతుక్కుమన్నాడు. సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో పెరిగి, ఇంట్లో మొదటి డిగ్రీ తెచ్చుకుని, కలకత్తా ఫోరెన్సిక్ లేబరేటరీకి వచ్చినవాడు. ప్రతి అంకెనూ మూడుసార్లు సరిచూస్తాడు. రక్తంలో హెరాయిన్ ఎంతో చెప్పే ఈ అంకె కూడా సరైనదే. నిన్న ఠాణా వాళ్లు ఫోన్ చేస్తే చెప్పేశాడు కూడా.

చనిపోయిన జయప్రకాశ్ గార్డెన్ రీచ్‌లో ఓడలకు రంగులేసేవాడు. "అంత హెరాయిన్ తనంతట తాను తీసుకోడు, ఏక్‌బాల్‌పూర్ గదిలో తోడుండే బన్నీయే ఎక్కించాడు" అని పోలీసులు బన్నీని పట్టుకుపోయారు. బన్నీ తల్లి రామమ్మ పొద్దుటి నుంచీ లేబరేటరీ గేటు దగ్గరే కూర్చుంది.

"మనిషి పోయాక కాలేయంలో, ఊపిరితిత్తుల్లో ఉన్న మందు గుండె రక్తంలోకి ఊరతాది. అంకె ఉబ్బిపోతాది. తొడ దూరం కదా, అక్కడ అంత చేరదు. చదువుకోలేదేటి?"

"చదివాను మేడమ్, పరీక్షకి."

"పరీక్ష ఇయ్యాలే పెట్టినారు నీకు."

ఫ్రిజ్‌లో వెనక వరసలోంచి తొడ రక్తమున్న రెండో సీసా బయటికొచ్చింది. మర్నాడు మధ్యాహ్నానికి తేలింది: హెరాయిన్ ఆనవాలు కొద్దిగానే ఉంది. కానీ మిషన్ గీసిన గీతలో దాని పక్కనే చిన్న బొడిపె. కామేష్ అయితే దాటిపోయేవాడే. లలితాంబ దాటలేదు. అనుమానమున్న మందుల నమూనాలు ఒక్కొక్కటే మిషన్‌కెక్కించి, గీత పక్కన గీత పెట్టి చూసింది. నాలుగోది అతికినట్టు సరిపోయింది. నిద్రమత్తు మందు. హెరాయిన్‌తో కలిస్తే ఊపిరినే ఆపేస్తుంది.

పక్క బల్ల నుంచి సహోద్యోగి ఆశిష్ నవ్వాడు. "లలితా దీదీని చూస్తే మిషన్ కూడా అబద్ధమాడదు!"

ఇరవై తొమ్మిదేళ్ల అనుభవమంటే ఏమిటో కామేష్‌కు ఆ బొడిపెలో కనిపించింది.

"మీరే ఫోన్ చేయండి మేడమ్," అన్నాడు.

"మొన్న చెప్పినోడివి నువ్వే కదా. ఆ కల్తీ హెరాయిన్ పొట్లాలు ఏక్‌బాల్‌పూర్‌లో ఇంకెవరి జేబుల్లో ఉన్నాయో. తొరగా!"

కామేష్ ఠాణాకు ఫోన్ చేసి ముందు పొట్లాల సంగతి చెప్పాడు. తర్వాత బెంగాలీలో, "దాదా, మొన్నటి అంకె నమ్మకండి. పొరపాటు నాదే. హెరాయిన్ మోతాదు ఎక్కువేం కాదు, అందులో వేరేది కలిసింది," అన్నాడు.

"మరి మేం పట్టుకున్న ఈ కుర్రాడు?"

"ఎవరో ఎక్కించారనడానికి రక్తంలో ఆధారం లేదు. అదే రాసి సంతకం పెడుతున్నాను."

లలితాంబ తలెత్తలేదు. అప్పటికే ఇంకో సీసా తీసి, చీటీ మీద ఏ రక్తమో చదువుతోంది.