పడవ తాడు

తవుడూ చెక్కా కలిపి నింపిన మేత సంచుల్ని పడవలోకి దించి, అచ్చమ్మ నడుం నిమురుకుంటూ మకాం వైపు చూసింది. ఈపాటికి డీజిల్ రేవులోకి వచ్చి నిలబడి ఉండాలి. సంచుల చప్పుడు చెవినబడితే ఆగే కుక్క కాదది. ఇవాళ రేకుల పంచ కింద గోనెపట్టా మీదే పడుకుని ఉంది. తల ఎత్తి చూసింది, మళ్ళీ ముందుకాళ్ళ మీద పెట్టేసుకుంది.

"రావేంట్రా?" అంది అచ్చమ్మ.

తోక ఒకసారి నేలకి కొట్టుకుంది. అంతే.

ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎగదోపుకుని, గెడ అందుకుని పడవ నెట్టుకుపోయింది. యాభై దాటిన మనిషి, పొట్టి. ఎండకి కమిలిన మొహం, నీళ్ళలో నాని నాని తెల్లబారిన కాలివేళ్ళు, గెడ పట్టి పట్టి కాయలు కాసిన అరచేతులు. చెరువులో వరసగా పాతిన వెదురుకర్రల దగ్గర ఆగుతూ, ఒక్కోదానికి ఒక్కో సంచి కట్టింది. సంచుల అడుగున చిల్లులుంటాయి. చేపలు కిందనుంచి వచ్చి ఆ చిల్లుల్లోంచి మేత లాక్కుని తింటాయి. ఆవలి గట్టు మీద నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటూ తీరిగ్గా కూర్చున్నాయి. డీజిల్ అదిలిస్తే కదా వాటికి భయం.

తిరిగి వచ్చేటప్పుడే ఆ కుక్కకి పని. రేవు దగ్గర బురద మోకాలి లోతు ఉంటుంది. పడవ ముక్కుకి కట్టిన తాడు కొసని అచ్చమ్మ అల్లంత దూరం నుంచే గట్టు మీదికి విసిరేది. డీజిల్ దాన్ని గాల్లోనే నోట కరుచుకునేది. నాలుగు కాళ్ళూ నేలలో దిగేసి, మెడ కండలు ఉబికేలా వెనక్కి వాలి, గుర్రుమంటూ పడవని ఒడ్డుకి లాగేసేది. ఇవాళ ఆవిడ తాడు విసరలేదు. బురదలోకి దిగి తనే లాక్కుంది.

డీజిల్ ఈ కొల్లేటి గట్ల మీద పుట్టిన కుక్క కాదు. పిట్‌బుల్ టెర్రియర్. చెరువుల యజమాని సోమరాజుగారి అబ్బాయి హర్షవర్ధన్ ముచ్చటపడి కొనుక్కొచ్చి, ఆ పేరు పెట్టి, ఏలూరులో మూడో అంతస్తు ఫ్లాటులో పెంచాడు. పెంచాడంటే ఏముంది, దాన్ని పక్కన పెట్టుకుని ఫొటోలు దిగాడు. అలాంటి కుక్కకి రోజూ ఒళ్ళలిసేదాకా పని చెప్పాలని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. అది సోఫా చీల్చింది, తలుపు కొరికింది, పనిమనిషిని మెట్ల మీద పడదోసింది. ఓ రోజు పొద్దున్నే కారులో తెచ్చి చెరువు మీద దింపేసి చేతులు దులుపుకున్నారు. అప్పట్లో కాపలా అచ్చమ్మ మొగుడు పేతురుది.

పేతురు మాట తక్కువ మనిషి. కుక్కని కొట్టలేదు, బుజ్జగించనూ లేదు. తెల్లారితే చెరువు చుట్టూ గట్టంతా తిప్పేవాడు, పొద్దువాలితే మళ్ళీ తిప్పేవాడు. పాత లారీ టైరు ముక్కని తుమ్మకొమ్మకి కట్టి వదిలితే, అది దాన్ని కరుచుకుని వేలాడి వేలాడి అలిసిపోయేది. అలిసిందంటే పసిపిల్లే. "దీని బలానికి పని లేకే చెడిపోయిందే ఇది" అనేవాడు అచ్చమ్మతో. ఓ రోజు ఆయన పడవ లాగుతుంటే అదే వచ్చి తాడు కొస పట్టుకుంది. ఆ రోజునుంచీ అదే దాని ఉద్యోగం.

రెండేళ్ళ కిందట పేతురు గుండె ఆగి పోయాడు. సోమరాజుగారు కొత్త కాపలా మనిషిని పంపితే డీజిల్ వాణ్ణి గట్టెక్కనివ్వలేదు. ఇంకొకణ్ణి పంపారు. వాడు సైకిలు అక్కడే వదిలేసి పరిగెత్తాడు. చివరికి రాజుగారే వచ్చి, "నువ్వు తప్ప ఎవరూ దాని దగ్గరికి పోలేకపోతున్నారు కదా. కుక్క ఉన్నంతకాలం నువ్వే ఉండచ్చమ్మా" అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు. అచ్చమ్మకి మాత్రం 'ఉన్నంతకాలం' అన్న ముక్క ముల్లులా దిగబడిపోయింది. ఊళ్ళో ఇల్లు లేదు. పిల్లలు పుట్టలేదు. ఈ రేకుల మకాం, బయట పొయ్యి, గోడకి పేతురు ఫొటో, దాని పక్కన చెక్క సిలువ. ఇది పోతే ఎక్కడికి పోవాలో ఆవిడకి తెలీదు.

ఈ వేసవిలో డీజిల్ చెవుల్లో, కాలివేళ్ళ సందుల్లో గోమార్లు పట్టాయి. నెత్తురు తాగి మినపగింజల్లా ఉబ్బిన గోమార్లు. చెరువుల మీద బతికేవాళ్ళ చేతికి అందేది ఒకటే. చేపలకి పేను పడితే చెరువులో చల్లే మందు మకాంలో ఎప్పుడూ ఉంటుంది. దాన్నే నీళ్ళలో పల్చగా కలిపి ఆవిడ కుక్క ఒళ్ళంతా తుడిచింది. గోమార్లన్నీ రాలిపోయాయి. చేపకి పేను రాలితే మర్నాడు మేతకి పైకొస్తుంది. కుక్కా అలాగే తేరుకుంటుందని ఎదురుచూసింది. గోమారి రాలినా అది ఎక్కించిన జ్వరం నెత్తుట్లో ఉండిపోతుందని ఆవిడకేం తెలుసు.

అనూష చెప్పాక తెలిసింది. గ్రామ సచివాలయంలో పశువైద్య సహాయకురాలిగా చేస్తున్న పిల్ల, గేదెలకి సూదులు వెయ్యడానికి గట్టు మీదుగా వెళ్తూ ఆగింది. అచ్చమ్మ తల పట్టుకుంటే, భయం భయంగానే డీజిల్ పెదవి ఎత్తి చూసింది. చిగుళ్ళు సున్నంలా పాలిపోయి ఉన్నాయి.

"ఇది గోమారి జ్వరమండీ అచ్చమ్మగారూ. నా దగ్గరున్న మందులతో అవదు. ఏలూరు తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాలండి. ఆలస్యం చెయ్యకండి."

"అలాగేనమ్మా. రేపే తీసుకెళ్తాను."

తీసుకెళ్ళలేదు. ఆటోలో ఎక్కిస్తే ఈ గట్ల మీద పనిచేసే ప్రతివాడూ చూస్తాడు. సాయంత్రానికల్లా రాజుగారి చెవిన పడుతుంది. చేపల సైజు చూడ్డానికి ఆయన ఎలాగూ ఈ వారంలోనే వస్తున్నారు. వచ్చి వెళ్ళాక తీసుకెళ్దాం, అప్పటిదాకా ఓర్చుకుంటే పోతుంది అనుకుంది. ఓర్చుకోవాల్సింది తను కాదు, కుక్క. ఆ సంగతి గుర్తొస్తూనే ఉండేది. అయినా భయమే గెలిచేది.

ఆయన వచ్చేది ఇవాళే.

పొద్దెక్కాక తూము దగ్గర కారు చప్పుడైంది. అచ్చమ్మ పరుగున పంచలోకి వెళ్ళి డీజిల్ పక్కన కూలబడింది. దాని ముక్కు చివర సన్నగా నెత్తురు. కొంగుతో తుడిచింది.

"ఒక్కసారి లేవరా నాయనా. ఒక్కసారి కనబడితే చాలు."

డీజిల్ లేచింది. ముందుకాళ్ళు, తర్వాత వెనకకాళ్ళు, కూడదీసుకుంటూ లేచింది. ఒకప్పుడు రాయిలా ఉండే తొడల మీద చర్మం వదులుగా వేలాడుతోంది. వెడల్పాటి ఛాతీ మాత్రం చెక్కుచెదరలేదు. ఎదురుగా చూసేవాళ్ళకి అదే కనబడుతుంది.

వలవాళ్ళు ఓ వార చిన్న వల లాగి చూపించారు. సోమరాజుగారు ఒక బొచ్చెచేపని చేత్తో ఎత్తి, బరువు చూసి, తృప్తిగా వదిలేశారు. చేతులు కడుక్కుని పంచవైపు వచ్చారు.

"ఏంటచ్చమ్మా, వీడు చిక్కినట్టున్నాడు?"

"ఎండలండి. అన్నం సరిగ్గా తినట్లేదండి."

"నన్ను చూసి మొరగలేదేంటి?"

"మిమ్మల్ని ఎరుగును కదండీ."

ఆయన నవ్వారు. "వీడు పడవ లాగుతాడంటే మా వియ్యంకుడుగారు నమ్మట్లేదు. ఏదీ, ఒకసారి లాగించు. వీడియో తీసి పంపిస్తాను."

అచ్చమ్మ డీజిల్ వైపు చూసింది. ఇప్పుడైనా చెప్పచ్చు. జబ్బుగా ఉందండీ, ఏలూరు తీసుకెళ్ళాలండీ అని ఒక్క ముక్క. కారు ఎదురుగానే ఉంది. నోరు తెరవబోయింది. కళ్ళు మాత్రం మకాం గోడ మీది ఫొటో వైపు పోయాయి. ఆవిడ డీజిల్‌ని రేవులోకి నడిపించి, పడవెక్కి, కొంచెం లోపలికి వెళ్ళి, తాడు విసిరింది.

డీజిల్ గాల్లో పట్టుకోలేదు. తాడు పడ్డచోటికి నడిచి వెళ్ళి, వంగి, నోట కరుచుకుంది. కాళ్ళు దిగేసింది. పడవ కదల్లేదు. ఊపిరి పీల్చుకుని మళ్ళీ వెనక్కి వాలింది. అచ్చమ్మ పడవ చివర నిలబడి, ఎవరూ గమనించకుండా గెడని అడుగున తన్ని ముందుకి తోసింది. పడవ మెల్లగా వచ్చి బురదకి ఆనుకుంది.

"భలే" అన్నారు సోమరాజుగారు ఫోను జేబులో పెట్టుకుంటూ. "వీడున్నాడంటే నాకు బెంగ లేదచ్చమ్మా."

కారు తూము దాటేదాకా ఆవిడ దణ్ణం పెట్టిన చేతులతో నిలబడింది. వెనక్కి తిరిగేసరికి డీజిల్ తాడు వదలకుండానే పక్కకి ఒరిగి ఉంది. తాడు మీద ఎర్రగా తడి.

అప్పుడు ఫోను చేసింది, ఊళ్ళో ఆటో నడిపే నాగదుర్గారావుకి.

"కుక్కని ఏలూరు తీసుకెళ్ళాలి నాయనా, తొందరగా రా."

"ఆ కుక్కనేనాండీ? మూతి కడతారా మరి?"

"దానికి తలెత్తే ఓపిక లేదయ్యా."

"దెందులూరులో ఉన్నానండి. వీళ్ళని దింపేసి వచ్చేస్తాను."

గోనెపట్టా మీదికి చేర్చి, దాన్ని నీడలోకి లాక్కొచ్చింది. తడిగుడ్డతో నాలుక తడిపింది. డీజిల్ గడ్డం తెచ్చి ఆవిడ పాదం మీద పెట్టుకుంది. రోజూ అన్నం వండుతుంటే అలాగే పెట్టుకుంటుంది. ఆ బరువు ఆవిడకి అలవాటే. "వచ్చేస్తున్నాడురా, ఇంకాసేపు" అంటూ దాని నుదురు నిమురుతూ కూర్చుంది. పాదం తిమ్మిరెక్కింది. కదపలేదు. తూము దగ్గర ఆటో చప్పుడు వినబడ్డప్పుడు కుక్క చెవి కదల్లేదు. పొట్ట కూడా కదలడం లేదని అప్పుడు చూసింది.

నాగదుర్గారావు ఇన్నేళ్ళలో తూము దాటి ఇవతలికి వచ్చిన మనిషి కాదు. ఇవాళ మకాం దాకా వచ్చి, తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. పార తనే అడిగి తీసుకున్నాడు. టైరు వేలాడే తుమ్మచెట్టు పక్కన గొయ్యి తవ్వి, ఇద్దరూ కలిసి దించారు. కుక్కకి ప్రార్థనేంటని పాస్టరుగారు అంటారేమో. అననీ. అచ్చమ్మ కళ్ళు మూసుకుని పేతురు పేరూ దీని పేరూ కలిపే దేవుడికి చెప్పుకుంది.

"రాజుగారికి ఇప్పుడే చెప్పకండి" అన్నాడు నాగదుర్గారావు చేతులు కడుక్కుంటూ. "ఇలాంటి రంగుదే ఇంకో కుక్కని చూసి తెస్తానండి. దూరాన్నుంచి ఎవరు పోల్చుకుంటారు?"

"వద్దు నాయనా."

అతను వెళ్ళాక ఫోను తీసింది. రాజుగారి నంబరు నొక్కింది.

"అయ్యా, డీజిల్ పోయిందండి."

"అదేంటి? పొద్దున బాగానే లాగాడుగా?"

"పొద్దునకే చావుకొచ్చిందండి. నాకు తెలుసండి. ఏలూరు తీసుకెళ్ళమన్నారండి. మీకు తెలిస్తే మకాం పోద్దని దాచానండి. మీరు అడిగితే తాడు కూడా లాగించానండి."

"కారు అక్కడే ఉంది కదచ్చమ్మా. చెబితే నేనే తీసుకెళ్ళేవాణ్ణి."

"అవునండి."

"సరే. రేపొద్దున ఒక మనిషిని పంపిస్తాను. మాట్లాడు."

ఆ వచ్చేది కొత్త కాపలా మనిషని ఆయన చెప్పలేదు, ఆవిడ అడగలేదు. అలాగేనండీ అని పెట్టేసింది. ఇన్నాళ్ళూ గుండెల్లో పెట్టుకుని వణికిన మాట ఇదే. తీరా వింటే, దీని కోసమా దాన్ని చంపుకున్నాను అనిపించింది. ఏడుపు అప్పుడొచ్చింది. మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, వినేవాళ్ళు ఎవరూ లేరు గనక గట్టిగానే ఏడ్చింది.

పొద్దువాలింది. వెదురుకర్రలకి ఖాళీ సంచులు వేలాడుతున్నాయి. మొహం కడుక్కుని, గెడ తీసుకుని, పడవెక్కింది. వరసంతా తిరిగి సంచులు విప్పి, పిండి, పడవలో పేర్చుకుంది. రేవు దగ్గర పడేసరికి, ఆవిడ అనుకోకుండానే చెయ్యి లేచి తాడు విసిరేసింది. పడవ బురదకి ఇవతలే నీళ్ళ మీద ఆగిపోయింది. పంటిగాట్లకి పీచు లేచిన కొస, పొద్దుటి మరకతో, గట్టు మీద పడి ఉంది.